నీళ్ళు లేని పెట్టె

హెర్మొసీయోలో జూలై అంటే
మధ్యాహ్నం గొళ్ళెం ముట్టుకోవడానికి మసిగుడ్డ వెతుక్కోవడం.
టైర్ల షాపు మీద, రేకుల కప్పు కింద నా కొట్టు.
పంతొమ్మిదేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్నాను.
నలభై ఆరు డిగ్రీల గాలి చేతిలో పెట్టి
చిప్పును చల్లార్చమంటారు జనం.

ఒతీలియా వచ్చింది ఆ రోజు.
మడతలు నలిగిన కాగితం, పెన్సిలు రాత:
పదహారు కోర్లు, నూట ఇరవై ఎనిమిది జీబీ మెమరీ,
అడుగున గీత గీసి ఒక ప్రశ్న:
గాలా? నీళ్ళా?

ఏం చేయిస్తావు దీంతో, అన్నాను.
"నదిని" అంది.
ఊరి మధ్య ఎండి పడున్న సోనోరా నది
పెద్ద వానొస్తే ఎటు పారుతుందో,
ఏ వీధిలో ఎన్ని గడపలు తడుస్తాయో
రాత్రంతా లెక్క కట్టాలట.
ఆటలాడే కుర్రాళ్ళది గంటసేపు పరుగు.
ఈ పిల్లది తొమ్మిది గంటల నడక, కూర్చోకుండా.

నీళ్ళదే ముందు చూపించాను
(లాభం అందులోనే ఎక్కువ, దాచడం దేనికి).
గాజు పలక వెనక సన్నటి గొట్టాలు, నీలి దీపం,
పిల్లి గురకంత పంపు చప్పుడు.
అర లీటరు. పోసేదీ లేదు, పోయేదీ లేదు,
అవే నీళ్ళు అయిదేళ్ళు తిరుగుతాయన్నాను.

చాలాసేపు చూసింది.
"మా వీధికి తెల్లారుజాము నాలుగింటికొస్తాయి నీళ్ళు.
ఆరింటికి పోతాయి.
మా పెద్దమ్మ బకెట్లు వరసపెట్టుకుని కాచుకునుంటుంది.
ఆవిడ ముందు, దీపాలు పెట్టి మరీ,
నీళ్ళు తిప్పలేను."

దానికీ దీనికీ పొత్తేమిటని చెప్పబోయి
ఊరుకున్నాను.
గడపలు లెక్కపెట్టేది తను.

సరే, గాలి.
కిలోన్నర రేకుల బురుజు, ఏడు రాగి కాడలు,
అటొకటి ఇటొకటి ఫ్యాన్లు.
పేస్టు బియ్యపుగింజంత చాలంటాడొకడు, శనగ్గింజంత అంటాడింకొకడు.
నాది పెసరగింజ.
మరలు ఒక్కోటీ కొంచెం కొంచెం, మూల విడిచి మూల,
నులక మంచం బిగించినట్టు.

రాత్రి పని పెట్టి చూస్తే
పది నిమిషాలకే తొంభై ఆరు.
పేస్టు తుడిచాను, మళ్ళీ రాశాను. తొంభై ఆరు.
చిప్పును తిట్టాను, కంపెనీని తిట్టాను, జూలైని తిట్టాను.
కింది షాపు నాబోర్ పైకొచ్చి సిగరెట్టు ముట్టించాడు.
పొగ వెనక నుంచి పోవాల్సింది,
బురుజు పక్కల నుంచి చిమ్మింది.
"దోన్యా చాయో, ఇవి పోట్లాడుకుంటున్నాయి" అన్నాడు.
ఎదురెదురు నిలబడి ఊదుకుంటున్నాయి రెండూ.
వెనకది తిరగేసి బిగించింది నేనే.
పంతొమ్మిదేళ్ళు!

తిప్పి పెడితే ఎనభై నాలుగు.
ఇంకో రెండు ఫ్యాన్లు కొనమనొచ్చు.
మనసొప్పలేదు.
చిప్పు తాగే కరెంటుకే కళ్ళెం వేశాను,
రెండొందల ముప్ఫై వాట్ల చోట నూట నలభై.
డెబ్బై ఒకటికి దిగింది.
తొమ్మిది గంటల పని పదింటికి సాగుతుంది, అంతే.
"ఇన్నేళ్ళు ఆగిన నది" అంది ఒతీలియా,
"గంటకేం."

అక్టోబరులో మోసుకొచ్చింది, మళ్ళీ కాగుతోందని.
జాలీ ఊడదీశాను.
దుమ్ము, ముతక దుప్పటిలా,
ఒక్క తునకగా లేచొచ్చింది.
విదిలించబోతే చెయ్యి పట్టుకుంది.
చిటికెడు తీసి, నలిపి, కిటికీ వెలుగులో పెట్టి
"ఇది వంతెన కింది ఇసుక" అంది.
"మెరుస్తోంది చూడు, మైకా."
మూణ్ణెల్లుగా తెర మీద
ఆ వంతెన దాటించలేక చస్తోందట నదిని.

చిన్న కవర్లో పోసిచ్చాను.
శుభ్రం చేసినందుకు నూట ఇరవై పెసోలు.
కవరుకేం తీసుకోలేదు.